నలభై మూడో దుకాణం

గత వేసవిలో నేను బిలాస్‌పూర్ నగరం మొత్తానికీ నమ్మకమైన మంగలినయ్యాను. ఈ మాట నాది కాదు, హిందీ పేపర్లో పడింది. ఫొటో కూడా వేశారు. అందులో నా కళ్ళు సగం మూసుకుని, మొహం పక్కకు తిరిగి ఉంది. మా ఆవిడ అచ్చియమ్మ ఆ కాయితాన్ని మడిచి బియ్యం డబ్బా అడుగున పెట్టింది. గోడకు అంటించమని నేనూ అడగలేదు.

నా పేరు పైడిరాజు. బుధవారీ బజార్ వెనక, రైల్వే క్వార్టర్లకు పోయే దారిలో నాకో కటింగు షాపుంది. రెండు కుర్చీలు, ఒక అద్దం, చల్లదనం కన్నా చప్పుడెక్కువ ఇచ్చే ఒక కూలరు. మా నాన్న బొబ్బిలి వైపు నుంచి రైలు పనివాళ్ళ వెంట ఇక్కడికొచ్చాడు. వాళ్ళు బొగ్గు ఇంజన్లు నడిపారు, ఆయన వాళ్ళ గడ్డాలు గీశాడు. ఇప్పుడా ఇంజన్లు లేవు, ఆ గడ్డాలూ చాలామటుకు లేవు. మిగిలిన ముసలివాళ్ళు మాత్రం మాల్‌లో ఏసీ సెలూన్లు ఎన్ని వచ్చినా నా దగ్గరికే వస్తారు. అక్కడి పిల్లలకు తెలుగు రాదని, తల వంచమంటే మెడ విరిచేస్తారని వీళ్ళ ఫిర్యాదు.

మా పనిలో రెండు రకాలున్నాయి. ఒకటి షాపులో చేసేది, రెండోది ఏటి ఒడ్డున చేసేది. మనిషి పోయిన పదో రోజున కొడుకు తల గొరగాలి, మీసం తీసెయ్యాలి. ఆ కత్తి వేరు. అది మా నాన్న తోలు పొదిలో ఉంటుంది. ఆ పొది ఇంట్లో తలుపు వెనక మేకుకు వేలాడుతుంది గానీ షాపు గడప తొక్కదు. ఆ పనికి వెళ్ళొచ్చిన రోజు అచ్చియమ్మ గుమ్మం బయట బకెట్టు నిండా నీళ్ళు పెడుతుంది. ఒంటి మీద నీళ్ళు పోసుకున్నాకే నేను లోపలికి రావాలి.

మా జ్యోతిర్మయి చిన్నప్పుడు నేను కనబడితే చాలు, పరిగెత్తుకొచ్చి కాళ్ళకు చుట్టుకునేది. ఏటి ఒడ్డున పనికి వెళ్ళొచ్చిన రోజుల్లో మాత్రం, "ముట్టుకోకు, తానం చెయ్యలేదు," అని దూరం నుంచే అరిచేవాణ్ణి. అది ఎక్కడిదక్కడ ఆగిపోయి, బకెట్టు ఖాళీ అయ్యేదాకా బిక్కమొహంతో నిలబడేది. ఆరేళ్ళప్పుడు ఒకసారి స్టూలెక్కి ఆ పొది కిందికి దించింది. చెంప మీద ఒక్కటిచ్చాను. దాన్ని నేను కొట్టింది ఆ ఒక్కసారే. ఈ పొది నాతో ఆఖరని ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. జ్యోతి పెద్దదై రాయపూర్లో కోర్సు చేసి, మాల్‌లో పెద్ద సెలూన్లో ఉద్యోగం తెచ్చుకుంది. నల్ల యూనిఫారం వేసుకుని ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ జుట్టు కత్తిరిస్తుంది. నలుగురిలో ఆ మాట చెప్పుకునేటప్పుడు నా గొంతు కొంచెం పెరిగేది.

ఏప్రిల్లో ఒక ఆదివారం అది షాపుకొచ్చి, నా అద్దం మూల నలుపు తెలుపు గళ్ళున్న కాయితం ఒకటి అంటించింది. అప్పుడు కుర్చీలో ఉన్నది బంగార్రాజన్న. రిటైరైన డ్రైవరు. గూడ్సు బండ్లు, పాసింజర్లు, ఎక్స్‌ప్రెస్సులు అన్నీ నడిపి దిగిన మనిషి. డెబ్బై దాటినా రోజు విడిచి రోజు నున్నటి గడ్డం ఉండాల్సిందే ఆయనకు.

"ఏటే జ్యోతీ, ఏటది అద్దమ్మీద?" అన్నాడు నురగలోంచి.

"ఓటింగ్ పెద్దనాన్నా. షహర్ కే బెస్ట్ షాప్స్ అని పేపర్ వాళ్ళు పెట్టారు. జలేబీ షాప్, చీరల షాప్, టైలర్, ఇస్త్రీ, అన్నీ ఉన్నాయి. ఫోన్‌తో దీన్ని స్కాన్ చేసి ఓటెయ్యాలి, బస్, అంతే."

"ఎవులికి?"

"నాన్నకి. నేనే పేరిచ్చాను. సబ్‌సే భరోసేమంద్ నాయీ అని ఒక కేటగిరీ ఉంది. అందరికంటే నమ్మకమైన మంగలి అన్నమాట."

"అచ్ఛా! నా చెంప మీద మీ నాన్న పెట్టిన గాట్లు మూడున్నాయి. అవి కూడా ఓటేస్తాయేటి?"

నవ్వాడు గానీ, తువ్వాలు తియ్యకముందే ఫోను తీశాడు. అక్కడితో ఆగలేదు. మర్నాటి నుంచి నా షాపు ఆయన పోలింగ్ బూతు అయిపోయింది. పేపరు చదివే నెపంతో బల్ల మీద కూర్చుని, ఎవరు గడ్డానికొచ్చినా వాళ్ళ ఫోను లాక్కునేవాడు. "ఓటేసినదాకా ఆడి తువ్వాలు తియ్యకురా పైడీ," అని నాకు ఆర్డరు. ఒక చెంప గీయించుకుని రెండో చెంప నురగతో ఫోను నొక్కిన ముసలివాళ్ళు ఆ నెలలో ఎంతమందో. రాజ్‌కిశోర్ నగర్‌కు ఇల్లు మారిపోయిన పాత కలాసీలకు కూడా ఫోన్లు చేసి ఓట్లడిగాడు.

"ఎందుకన్నా ఇదంతా? నా మొహానికి ప్రైజేటి?" అన్నాను ఒకనాడు.

"నువ్వు స్టేజీ ఎక్కాల. నాను ముందు వరసలో కూకుని ఈల ఎయ్యాల. రిటైరైన కాణ్ణించి హారను కొట్టలేదురా. నోటితోనైనా ఒకపాలి కొట్టనీ."

ఆ రోజే, నేను ఆయన గొంతు దగ్గర కత్తి ఆడిస్తుండగా, ఉన్నట్టుండి అడిగాడు.

"మా రాంప్రసాదుకి పుట్టెంటుకలు తీసింది ఎవుల్రా?"

"నానే కదన్నా."

"ఆడు ఏడిస్తే నువ్వూ ఏడ్చీసినావు. అప్పుడు నీకు మీసం కూడా సరిగా రాలేదు. మరి నాను పోయినాక ఆడికి గుండు ఎవులు గీస్తారు?"

"పొద్దున్నే ఏటన్నా ఆ మాటలు?"

"అడిగినదానికి చెప్పు. ఆ ఏటి ఘాటు కాడ కూకునే నాయీకి నా కొడుకు తల అప్పజెప్పకు. ఆడు గడ్డి కోసినట్టు కోస్తాడు. నువ్వే రావాల. మాటేనా?"

"మాటే."

గొంతు మీద కత్తి నాది, మాట తీసుకున్నది ఆయన. ఆ పూట దాని గురించి ఇద్దరం నవ్వుకున్నాం.

మే నెలలో ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం పూట బజారు రోడ్డు మీద కుక్క కూడా కనబడేది కాదు. ఒక మంగళవారం నేను షట్టరు తీస్తున్నాను, రాంప్రసాద్ వచ్చి వెనక నిలబడ్డాడు. లోకో షెడ్డులో పని చేస్తాడు, నలభై దగ్గరపడుతున్న మనిషి. చెప్పులు లేకుండా వచ్చాడు.

"బాబాయ్, నాన్న పోనాడు. రాత్రి రెండింటికి. మంచినీళ్ళు అడిగినాడు, అమ్మ తెచ్చేసరికి అయిపోనాది."

నేను షట్టరు మళ్ళీ కిందికి లాగాను. ఏమన్నానో గుర్తు లేదు. ఆ సాయంత్రం అందరం ఆయన్ని అర్పా ఏటి ఒడ్డుకు చేర్చి వచ్చాం. ఆయన గడ్డం నున్నగా ఉంది. ఆదివారమే గీశాను.

రెండు రోజుల తర్వాత ఫోనొచ్చింది. మనోజ్ అని, పేపరు తరఫున ఈ ఓట్ల వ్యవహారం చూసే కుర్రాడు. హిందీలో అభినందనలు చెప్పాడు. నేను గెలిచానట. మొత్తం యాభై దుకాణాలు, అందులో నాది నలభై మూడో నంబరు. వచ్చే బుధవారం పదకొండు గంటలకు వ్యాపార్ విహార్‌లో హోటలు హాల్లో సన్మానం. వస్తారు కదా అన్నాడు.

నేను వేళ్ళ మీద లెక్కబెట్టాను. మంగళవారం పోయాడు కాబట్టి మంగళవారం ఒకటి, బుధవారం రెండు. అలా పోతే పదో రోజు గురువారం. సన్మానం బుధవారం. వస్తానన్నాను.

ఈ తప్పు మా రైల్వే కాలనీలో పెరిగినవాడే చేస్తాడు. ఇక్కడ ఇల్లాళ్ళు కూడా డ్యూటీ గడియారం ప్రకారమే మాట్లాడతారు. అర్ధరాత్రి పన్నెండు దాటితే తారీఖు మారిపోయినట్టే. పుట్టుకకైనా చావుకైనా మాకు అదే లెక్క. శాస్త్రానికి మాత్రం సూర్యుడు పొడిస్తేనే రోజు మారేది. తెల్లారకముందు రెండింటికి పోయిన మనిషి ముందు రోజు పోయినట్టే. నలభై ఏళ్ళుగా ఆ రోజుల లెక్క పంతులుగారు చూసుకున్నారు, కత్తి పదును నేను చూసుకున్నాను. ఆయన పని ఆయన చెయ్యకముందే నేను చేసేశాను.

సోమవారం బంగార్రాజన్న భార్య అసిరమ్మొదిన కబురుపెట్టింది. క్వార్టరు ముందు టెంటు కింద, తడిగుడ్డ తల మీద వేసుకుని కూర్చుని ఉంది.

"ఎల్లుండి పదింటికి తోర్వా కాడ ఏటి ఒడ్డుకి వచ్చీ మరిదీ," అంది.

"ఎల్లుండా? గురువారం కదొదినా?"

"బుధవారమేనంట. పంతులుగారు లెక్క కట్టినారు. తెల్లారకముందు పోతే ముందు రోజేనంట కదా."

చెప్పాల్సిన మాట అక్కడే, అప్పుడే చెప్పెయ్యాలి. 'నాకు ఆ రోజు కుదరదొదినా' అనో, లేకపోతే మనోజ్‌కు ఫోను చేసి 'నేను రాను బాబూ' అనో. రెండూ చెయ్యలేదు. బయటికొచ్చి రాంప్రసాద్‌ను పక్కకు పిలిచి, పదకొండింటికి స్టేజీ పని చూసుకుని పన్నెండుకల్లా ఘాటుకొస్తానన్నాను. పంతులుగారు పదింటికి మొదలుపెట్టే పిండాల పనికి ఎలాగూ రెండు గంటలు పడుతుంది.

"ఎల్లు బాబాయ్. నాన్నుంటే నాన్నే పంపును," అన్నాడు వాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చాను. రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదంటారు. మధ్యలో ఆటో ఉంది కదా అని నా ధీమా. అచ్చియమ్మ అంతా విని, "మీ ఇష్టం," అంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ మాటకు అర్థం నాకు బాగా తెలుసు. తెలియనట్టు పడుకున్నాను.

బుధవారం జ్యోతి సెలవు పెట్టి, తన స్కూటీ మీద నన్ను హోటలుకు తీసుకెళ్ళింది. వీడియో తీస్తానంది. హాల్లో ఏసీ ఎంత పెట్టారంటే నా పాత చొక్కాలోంచి ఎముకలు వణికాయి. ప్రతి కుర్చీ వెనకా పేరు రాసిన కాయితం అంటించి ఉంది. మూడో వరసలో నాది. జ్యోతి నా పక్కనే, ఎవరో రాని వాళ్ళ కుర్చీలో కూర్చుంది.

పదకొండయింది, పదకొండున్నరయింది. ముఖ్య అతిథి దారిలో ఉన్నారని మైకులో చెబుతూనే ఉన్నారు. ఆయన పావు తక్కువ పన్నెండుకు వచ్చారు. దీపం వెలిగించి, నగరం ఎంత ఎదిగిందో చాలాసేపు చెప్పారు. తర్వాత ఒకటో నంబరు పిలిచారు, గోల్ బజార్ జలేబీ కొట్టు. తర్వాత కోసా పట్టు చీరల షాపు, కళ్ళజోళ్ళ షాపు, గడియారాలు బాగుచేసే ముసలాయన. ఒక్కొక్కరికీ శాలువా, షీల్డు, ఫొటో. ఆ షాపువాళ్ళ బంధువులంతా కూడా స్టేజీ ఎక్కి ఫొటోలు దిగుతున్నారు. కుక్కలకు స్నానం చేయించి జుట్టు కత్తిరించే పార్లరుకు కూడా ఇచ్చారు, నాకంటే ముందే.

ఒంటిగంటకు అచ్చియమ్మ ఫోను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎత్తాను.

"ఎక్కడున్నారండీ? ఇక్కడ పంతులుగారి పనంతా అయిపోనాది. గుండు కోసమే కూకున్నారు. పిల్లోడు పొద్దున్నించి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఇసక పెనంలాగ కాలిపోతన్నాది."

"ఘాటు కాడ నాయీ లేడేటి?"

అడిగాక తెలిసింది ఏమడిగానో. ఆ తల వాడికి అప్పజెప్పనని మాటిచ్చింది నేనే.

"ఆడు తఖత్‌పూర్లో పెళ్ళికి పోనాడంట. మీరొస్తన్నారా?"

"వస్తన్నాను. అయిపోవచ్చింది."

అప్పటికి ముప్ఫై ఏడో నంబరు పిలుస్తున్నారు. జ్యోతి నా మొహం చూసింది.

"నాన్నా, పద. మధ్యలో లేస్తే ఏం కాదు. షీల్డ్ తర్వాత తెచ్చుకుందాం."

"ఇంకో ఆరు పేర్లే కదమ్మా. పది నిమిషాలు."

"ధూప్ ఎంత ఉందో తెలుసా బయట? ఆ ఎండలో రాంప్రసాద్ భయ్యా నెత్తిన గుడ్డ కూడా వేసుకోకూడదు."

"పది నిమిషాలే తల్లీ."

నలభై ఏళ్ళుగా నేను ఇంకొకరి కుర్చీ వెనక నిలబడి పని చేశాను. ఆ రోజు నా పేరు రాసిన కుర్చీలో కూర్చున్నాను. లేవబుద్ధి కాలేదు. దానికి ఇంతకంటే కారణం లేదు. బంగార్రాజన్న కోరిక తీర్చడానికే ఉన్నానని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకుని చూశాను. అది అబద్ధమని చెప్పడానికి ఇంకో మనిషి అక్కర్లేదు.

జ్యోతి లేచి వెళ్ళింది. మంచినీళ్ళకేమో అనుకున్నాను.

పది నిమిషాలు ముప్ఫై అయ్యాయి. నలభై మూడు అని పిలవగానే గబగబా స్టేజీ ఎక్కాను. శాలువా కప్పారు. చేతిలో షీల్డు పెట్టి కెమెరా వైపు తిరగమన్నారు. వీడియో తీస్తోందేమోనని నేను మూడో వరస వైపు చూశాను. నా కుర్చీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. పేపర్లో పడ్డ ఫొటో ఆ క్షణానిదే. చప్పట్లు ఐదారు వినిపించాయి. ఈల ఎవరూ వెయ్యలేదు.

ఆటో దొరికి ఏటి ఒడ్డుకు చేరేసరికి రెండు దాటింది. మే నెలలో అర్పా అంటే అంతా ఇసకే, నడి మధ్యలో పంచె తడుపుకునేంత నీరు. టెంటు నీడలో మనుషులు కూర్చుని ఉన్నారు. అచ్చియమ్మ లేదు, అప్పటికే ఇంటికెళ్ళిపోయిందట. రాంప్రసాద్ తడిపంచెతో ఎదురొచ్చాడు. తల నున్నగా మెరుస్తోంది. మీసం లేని మొహం, వాడి పుట్టువెంట్రుకలు తీసిన రోజున నేను చూసిన మొహం.

"జ్యోతి సేసినాది బాబాయ్," అన్నాడు నేనడగకుండానే. "ఇంటికెళ్ళి పొది తెచ్చింది. పంతులుగారు ముందు కుదరదన్నారు. ఆడపిల్ల ఎక్కడా ఈ పని సెయ్యలేదన్నారు. అప్పుడు అమ్మ లేచినాది."

"ఏటన్నాది మీ అమ్మ?"

"'నా కొడుకు మాడిపోతన్నాడు. నాకు కత్తి పట్టడం వచ్చిన చెయ్యి కావాల. ఆడ చెయ్యో మగ చెయ్యో మీరు సూసుకోండి, నాను సూడను' అన్నాది. ఇంకెవులూ మాటాళ్ళేదు." తల వంచాడు. "చూడు, ఎక్కడా గాటు లేదు."

ఆ తల మీద నేను చెయ్యి వేశాను. చెవి వెనక, మెడ వంపులో, నడినెత్తి మీద సుడి దగ్గర, ఎక్కడ కత్తి జారుతుందో నాకు తెలిసిన చోట్లన్నీ తడిమాను. ఒక్క మొలకైనా వేలికి తగల్లేదు. నా చేతి పని అంత బాగుంటుందని నేను చెప్పలేను. నాకు గర్వమేసింది. ఆ గర్వానికి ఆ వెంటనే సిగ్గేసింది.

అసిరమ్మొదిన టెంటు కింద నుంచి చూస్తూనే ఉంది. దగ్గరికెళ్ళి నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"ఏదీ, సూపించు," అంది.

సంచీలోంచి షీల్డు తీసిచ్చాను. చీర కొంగుతో దాని మీద ఇసక తుడిచి, కాసేపు ఒళ్ళో పెట్టుకుంది.

"ఆయినుంటే ఈల ఏసును," అని తిరిగిచ్చేసింది. "భోజనానికి ఇంటికి రా మరిదీ. ఆకలితో ఉన్నావు."

నీళ్ళ దగ్గర జ్యోతి గొంతుకు కూర్చుని కత్తి కడుగుతోంది. హోటలుకు వేసుకొచ్చిన కొత్త చుడీదారే. మోకాళ్ళదాకా తడిసింది, ముంజేతుల మీద తెగిన వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. కత్తి తుడిచి గుడ్డలో చుట్టి, పొదిలో ఏ అరలో పెట్టాలో ఆ అరలో పెట్టింది. ఎక్కడ నేర్చుకున్నావని అడగబోయి ఊరుకున్నాను. ఇరవై ఏళ్ళుగా దూరం నుంచి చూస్తూనే ఉంది కదా.

"అమ్మా," అంటూ దాని భుజం మీద చెయ్యి వెయ్యబోయాను.

అది ఒకడుగు వెనక్కి వేసింది.

"ముట్టుకోకు నాన్నా. స్నానం చెయ్యలేదు."

కోపంగా అనలేదు. మామూలుగానే అంది. నా చెయ్యి కాసేపు అలాగే గాల్లో ఉండిపోయింది. పొది భుజానికి తగిలించుకుని అది స్కూటీ ఎక్కింది. వెనక నేనెక్కడానికి లేదు. ఆటోలో దాని వెనకాలే వచ్చాను, ఒళ్ళో శాలువా, షీల్డు పెట్టుకుని.

ఇంటి గుమ్మం బయట బకెట్టు నిండా నీళ్ళున్నాయి. పక్కన తాడు కట్టి దాని మీద పాత చీర ఆరేసి ఉంది, అడ్డానికి. ఆ గుమ్మం ముందు చీర కట్టడం అదే మొదలు. నాకెప్పుడూ అడ్డం అవసరం పడలేదు.

"ఈ నీళ్ళు?" అన్నాను, తెలిసే.

"దానికి," అంది అచ్చియమ్మ. "మీరు లోపలికి రండి. మీకేం మైల లేదు కదా."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి ఇంటికొచ్చాను. లోపలికి వెళ్ళలేక అరుగు మీదే కూర్చుండిపోయాను. చీర వెనక నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు చాలాసేపు వినబడింది. నా కూతురికి ఏ చప్పుడు రాకూడదని ఒట్టు పెట్టుకున్నానో ఆ చప్పుడే అది. దాన్ని ఇంటికి తెచ్చింది ఎవరో కాదు.

దాని గురించి జ్యోతి ఆ రాత్రీ మాట్లాడలేదు, తర్వాతా మాట్లాడలేదు. మర్నాడు మామూలుగా నల్ల యూనిఫారం వేసుకుని మాల్‌కు వెళ్ళింది. ఆ షీల్డు తనే తీసుకెళ్ళి షాపులో అద్దం పైన మేకు కొట్టి పెట్టింది. నేను వద్దనలేదు. గడ్డానికొచ్చిన ముసలివాళ్ళు దాన్ని చూసి "అచ్ఛా" అంటారు, తర్వాత బంగార్రాజన్న కూర్చునే బల్ల వైపు చూస్తారు. అప్పుడు నేను కత్తి సానబెట్టే పనిలో పడతాను.

జూన్ మూడో వారంలో మొదటి వాన కురిసింది. కూలరు ఆపి షట్టరు కింద నిలబడి ఉంటే, గొడుగు ముడుస్తూ శంకరరావు వచ్చాడు. టికెట్ కలెక్టరు. నా దగ్గరే పుట్టి పెరిగిన తల అతనిది కూడా. వాళ్ళమ్మ పోయిన సంగతి నాకు ముందురోజే తెలిసింది.

"కూకో బాబూ," అన్నాను. "పదో రోజు సంగతేనా? నానొస్తాను."

అతను కూర్చోలేదు. గొడుగు మీద నీళ్ళు విదిలిస్తూ, అద్దం పైనున్న షీల్డు వైపు చూసి, మళ్ళీ నేల వైపు చూశాడు.

"అది కాదు బాబాయ్. రాంప్రసాద్ చెప్పినాడు. జ్యోతికి ఆ రోజు సెలవు దొరుకుతాదేటో అని... నువ్వు కూడా రా," అన్నాడు.

ఆ 'కూడా' నాకు వినబడింది. అతని తప్పేం లేదు. మర్యాద గల పిల్లాడు కాబట్టే ఆ ముక్క కలిపాడు.

"దాన్ని అడగాల. అది ఒప్పుకోవాల," అన్నాను.

"నిన్నే ఫోన్ చేసినాను బాబాయ్. నాన్నని అడిగి చెప్తానన్నాది."

నన్ను అడుగుతానందట. నేను గోడ వైపు తిరిగి, కేలండరు దగ్గరికి నడిచాను.

"మీ అమ్మ పోయింది ఎన్నింటికి?"

"శుక్రవారం. ఒంటిగంట ఇరవైకి. రాత్రి."

"తెల్లారకముందే కదా. అయితే గురువారం నుంచి లెక్క," అన్నాను. "పంతులుగారిని కూడా ఒకపాలి అడుగు."

వేళ్ళ మీద రెండుసార్లు లెక్కబెట్టి, పదో రోజైన శనివారం చుట్టూ పెన్నుతో సున్నా చుట్టాను. పక్కనే ఆ పనికి వెళ్ళేవాళ్ళ పేరు రాయాలి. జ్యోతి తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. అందుకని హిందీలో రాశాను, అక్షరం అక్షరం దిద్దుకుంటూ. ఆ పనికి ఆ గోడ మీద నా పేరు కాకుండా ఇంకో పేరు పడడం అదే మొదటిసారి. తప్పు లేకుండానే రాశాను.